మూడో పశువు

నలభై ఏళ్ళుగా నా పని నోళ్ళు తెరిచి చూడడం. ఎడమ చేత్తో ముక్కుతాడు పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కింది పెదవి దించి, పళ్ళ అంచు ఒక్కసారి తడిమితే చాలు, ఆ పశువు ఎన్నేళ్ళు బతికిందో, ఇంకా ఎన్నేళ్ళు బండి లాగుతుందో చెప్పగలను. రెండు పళ్ళు మారితే రెండేళ్ళు దాటినట్టు. నాలుగైతే మూడు, ఆరైతే నాలుగు, ఎనిమిదీ నిండితే అయిదు. అక్కడినుంచి లెక్క అరుగుదల మీద నడుస్తుంది. పై దవడకు ముందుపళ్ళు లేని జీవం గనక దాని చరిత్రంతా ఆ కింది ఎనిమిదింటిలోనే ఉంటుంది.

మా కనిగిరి వైపు నీళ్ళు ఆ లెక్కను చెడగొట్టేవి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. అయిదేళ్ళ ఎద్దు పళ్ళు గోధుమరంగు చారలతో, గుంటలతో పదేళ్ళ ఎద్దు పళ్ళలా కనిపించేవి. దూరప్రాంతాల నుంచి సంతకు వచ్చినవాళ్ళు పెదవి దించి చూసి, మాట్లాడకుండా పక్క పశువు దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. మనుషుల సంగతీ అంతే. మా అమ్మాయి వెంగమాంబ ఆరో తరగతి నుంచీ నవ్వినా, మాట్లాడినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. డిగ్రీ చదివింది, పెళ్ళయింది. చెయ్యి మాత్రం దిగలేదు.

డాక్టర్ సువార్త మొదట నా దగ్గరికి వచ్చింది పళ్ళ కోసమే.

"మాలకొండయ్య గారంటే మీరేనా? చచ్చిన పశువుల ముందుపళ్ళు కావాలండీ."

"ఎన్ని?"

"రెండొందలు."

"ఏం డాక్టరమ్మా, దండలు గుచ్చుతారా?"

ఆమె నవ్వింది. ఆమె పళ్ళ మీద కూడా మా నీళ్ళ చారలు ఉన్నాయి. పుట్టింది పామూరు దగ్గరట. "మనిషి పంటి పైపొరకీ, ఎద్దు పంటి పైపొరకీ పెద్ద తేడా లేదు. మనుషుల నోట్లో పెట్టేముందు వీటి మీద చూడాలి" అంది.

ఊరి చివర మూతపడ్డ పాలకేంద్రాన్ని ప్రయోగశాలగా మార్చుకుంది. సీసాల మీద చీటీలు అంటించడానికీ, వివరాలు రాయడానికీ వెంగమ్మను పనిలో పెట్టుకుంది. అల్లుడి పేరు శ్రీశైలం, గ్రానైటు క్వారీలో మేస్త్రీ. వారానికోసారి వస్తాడు. అందుకని అమ్మాయి మా ఇంట్లోనే ఉండేది.

డాక్టరమ్మ చేసేదేమిటో నాకు అర్థమైంది ఒక పొద్దున. రెండు గాజు గ్లాసుల్లో ఒకే రకం సున్నపుతేట లాంటి నీళ్ళు. రెండింటిలోనూ నేనిచ్చిన పళ్ళే, గుంటలు పడినవి. కాకపోతే ఒక పంటిని ముందుగా ఏదో లేత పసుపు ద్రవంతో కడిగింది. వారం తర్వాత రెండూ తీసి నా చేతిలో పెట్టింది. కడగని పంటి మీద చాకు మొన పెడితే పొడి రాలింది. కడిగిన దాని మీద చాకే జారింది. పాలరాయిలా ఉంది.

"నీళ్ళు ఒకటే కదా?" అన్నాను.

"నీళ్ళు ఒకటే. పాడైన పంటిలో సూది మొన పట్టనంత సన్నటి సందులుంటాయి. వాటినిండా పాత జిగురు పేరుకుపోయి ఉంటుంది. ఎంత ఖనిజం పోసినా లోపలికి పోదు. ముందు ఆ జిగురు తీసెయ్యాలి. నా మందు జిగురు తీసి, ఆ చోట ఒక విత్తనం లాంటిది వదిలి వస్తుంది. ఆ విత్తనానికి ఆకలి. ఉమ్ములో ఉన్న కాల్షియాన్ని అదే లాక్కుంటుంది. ఇరవై ఒక్క రోజులకు పన్ను నిండుతుంది. అప్పుడు పైన మూతపూత వేస్తే ఆకలి ఆగుతుంది."

"నిండకముందే మూత వేస్తే?"

"పట్టదు. తడిగోడ మీద సున్నం వేసినట్టు పెచ్చులూడిపోతుంది."

ఆకలి మందు, మూత మందు. ఊళ్ళో అందరం ఆ పేర్లే అలవాటు చేసుకున్నాం.

తర్వాత బతికున్న పశువుల మీద చూడాలంది. రెండు కోడెలు పాలకేంద్రం షెడ్డులోనే కట్టింది. ముసలిది కూడా ఒకటి కావాలంది. మా బూడిదరంగు ఎద్దు మైలోడు ఉన్నాడు, పన్నెండేళ్ళవాడు, పళ్ళన్నీ అరిగి మొద్దులైపోయినవాడు. వాణ్ని ఇంటి దగ్గర ఉంచుకునే ఇచ్చాను. ఆమె పుస్తకంలో వాడు మూడో పశువు.

ఆకలి మందు పూసిన పదో రోజుకే నా కళ్ళను నేను నమ్మలేదు. మైలోడి పళ్ళు బొటనవేలితో తడిమితే గుంటలు లేవు, చారలు లేవు, అరిగిన అంచులు కూడా నిండాయి. అయిదేళ్ళ ఎద్దు నోరు. అప్పటిదాకా ఏ బేరగాడూ చూడనిది నేను చూస్తున్నాను. ముసలి పశువు నోట్లో నుంచి వయసు వెళ్ళిపోవడం.

పదిహేనో రోజు ఇంకొకటి చూశాను. మైలోడు గాటిలో చొప్ప వదిలేసి గోడ నాకుతున్నాడు. ఉగాదికి వేసిన వెల్ల, మూరెడు మేర పోయి ఎర్రమట్టి బయటపడింది. మధ్యాహ్నానికి దిబ్బ మీద పడి ఉన్న ఎముక ముక్క నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. కారిన చొంగ బండ మీద ఎండి, తెల్లగా పొక్కు కట్టింది. ముందుకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

నలభై ఏళ్ళ బేరగాణ్ని. లోపం చూస్తే తెలియకపోదు. ఏ లోపమో తెలియదు, లోపమని మాత్రం తెలిసింది. అలాంటప్పుడు మా వ్యాపారంలో చేసే పని ఒకటే. అది ఇంకొకడి కంట పడేలోపు పశువుకు పలుపు మార్చెయ్యాలి. కొన్నవాడు తన ఇంటినుంచి తెచ్చుకున్న కొత్త పలుపు మెడకు కట్టి, పాత పలుపు విప్పి అమ్మినవాడికి తిరిగిచ్చాడంటే, ఆ పశువు మంచిచెడ్డలు ఇక అమ్మినవాడివి కావు. దాని గురించి ఆ తర్వాత నోరెత్తకూడదు. కొన్నవాడు అడగడు, అమ్మినవాడు చెప్పడు. మా తాతల నాటినుంచీ ఇదే పద్ధతి.

పద్దెనిమిదో రోజు సంతకు తోలుకుపోయాను. మార్కాపురం అవతల నుంచి వచ్చిన తిరుపాలు అనే రైతు పెదవి దించి చూశాడు. "నిండు నోరు. అయిదేళ్ళు" అన్నాడు తనే. నేను అవుననలేదు, కాదనలేదు. పలుపు మారింది.

ఇరవై ఒకటో రోజు డాక్టరమ్మ మూత మందుతో వచ్చింది. "మైలోడేడీ?"

"మా బామ్మర్ది పొలంలో ఉన్నాడు డాక్టరమ్మా. సీసా ఇటివ్వండి, నేనే పూసొస్తా. కోడెలకు మీరు పూస్తంటే చూశాగా."

ఇచ్చింది. ఇంట్లోవాళ్ళకూ ముందే అదే మాట చెప్పి ఉంచాను. ఆ సీసా అటక మీద పెట్టాను. సీలు కూడా తియ్యలేదు. సాయంత్రం వెళ్ళి పూశానని చెప్పాను. మేత తింటున్నాడా అంటే తింటున్నాడన్నాను. ఒణుకూ గిణుకూ ఏమైనా అంటే లేదన్నాను. ఆమె చెబుతుంటే వెంగమ్మ పుస్తకంలో మూడో గడి నింపింది. ఇంకో రెండు రోజులకు తోటి బేరగాడు మస్తాను చెప్పాడు, నువ్వమ్మిన మైల ఎద్దు తిరుపాలు చేలో అరక కడితే కూలబడిపోయిందంట అని. పలుపు మారిపోయింది కదా అన్నాను. అవునన్నాడు.

మనుషుల మీద చూడడానికి పైనుంచి అనుమతి అప్పటికే వచ్చి ఉంది. మూడో పశువు ఫలితం కోసమే ఆగింది. అది కూడా బాగుందని తేలాక పదిమందికి ముందుపళ్ళు ఎనిమిదింటికి ఆకలి మందు పూసింది. ఆ పదిమందిలో మొదటి పేరు మా వెంగమ్మది.

నేను వద్దన్నానా? అనలేదు. ఎద్దు కూలబడడానికి నాలో నేను కారణాలు పేర్చుకున్నాను. ముసలిది. మూత వెయ్యలేదు. మెట్టచేలో అరక కట్టారు. మనుషులకు మూత వేస్తారు కదా, మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు కదా అనుకున్నాను. అమ్మేటప్పుడు కొనేవాడికి చెప్పుకునే మాటలన్నీ నాకు నేనే చెప్పుకుని, నేనే కొన్నాను.

ఎనిమిదో రోజుకు వెంగమ్మ పళ్ళు తెల్లబడడం మొదలైంది. తొమ్మిదో రోజు అన్నం తింటూ, వాళ్ళమ్మ ఏదో అంటే పకపకా నవ్వింది. చెయ్యి కంచంలోనే ఉంది. నోటి దగ్గరికి రాలేదు. మా ఆవిడ ఆదెమ్మ నా వంక చూసింది.

పన్నెండో రోజు పొద్దున్నే దొడ్లోకి వెళ్తే వెంగమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. అదే గోడ. గోటితో వెల్ల పెచ్చు ఒలిచి నోట్లో వేసుకుంటోంది. నన్ను చూసి తడబడి, "ఊరికే నాన్నా" అంది. పెదవి చివర ఉమ్మి తెల్లగా ఎండి ఉంది.

వంటింట్లోకి వెళ్ళి ఆదెమ్మను అడిగాను. "అదేంది, గోడ తింటంది?"

ఆదెమ్మ ముసిముసిగా నవ్వింది. "తింటే తిననీ. నీకెందుకు ఆడోళ్ళ సంగతి?"

"నవ్వమాక. ఎన్నాళ్ళ నుంచి?"

"బలపాలు మూడు రోజుల్నుంచి తింటంది. నేను దీన్ని కడుపులో మోసినప్పుడు పొయ్యిమన్ను తిన్లా? ఇంకో పది రోజులు పోతే మూడు నెలలు నిండుతయ్. అప్పటిదాకా ఎవురికీ చెప్పకూడదని నీక్కూడా చెప్పలా."

"డాక్టరమ్మకి?"

"ఎవురికీ అంటే ఎవురికీనే. మందు పూసే రోజు అడిగిందంట, కడుపూ గిడుపూ ఏమన్నా ఉందా అని. లేదని చెప్పింది. రెణ్ణెల్ల ముందు చేసిన పరీక్షలో లేదుగా మరి. ఇప్పుడు దాన్ని గురించి దిష్టి మాటలెందుకు?"

"ఆదెమ్మా, అది కడుపుతో ఉండి తినడం కాదే" అన్నాను.

"మరి?"

అటక ఎక్కి సీసా దించాను. నలభై ఏళ్ళలో పలుపు మారిన పశువు గురించి నేను నోరు తెరవలేదు. పాలకేంద్రం దాకా అర మైలు నడకలో మూడు సార్లు వెనక్కి తిరగబోయాను. చెబితే సంతలో మళ్ళీ నా మాట ఎవడూ నమ్మడు. చెప్పకపోతే, మైలోడు గోడ నాకిన రోజు నుంచి కూలబడిన రోజుకు ఎనిమిది రోజులు. అమ్మాయికి మూడు అయిపోయాయి.

డాక్టరమ్మ అప్పటికే కంగారుగా ఉంది. ముందురోజు తీసిన రక్తం ఫలితాలు ఆమె ముందున్నాయి. వెంగమ్మది ఎర్రగీత కింద ఉంది.

"మంచి వేళకొచ్చారు. అమ్మాయికి కాల్షియం ఎందుకు పడిపోతోందో తెలియడం లేదు. తిండి వల్లనా, పాత జబ్బేదైనా ఉందా? మందు వల్ల అనుకుందామంటే పశువుల్లో ఒక్కదానికీ ఇలా..."

సీసా ఆమె బల్ల మీద పెట్టాను.

ఆమె దాన్ని తిప్పి చూసింది. చీటీ మీద "మూడో పశువు, ఇరవై ఒకటో రోజు" అని వెంగమ్మ చేతిరాత. సీలు చెక్కుచెదరలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను గోడ దగ్గర మొదలుపెట్టి, సంత దాకా, మస్తాను మాట దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చివర్న అమ్మాయి కడుపుతో ఉందని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె పుస్తకం తెరిచి మూడో గడి మీద వేలు పెట్టింది.

"కోడెలు కుర్రవి" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "వాటి ఒంట్లో మిగులు ఉంది. పళ్ళు అడిగినంతా ఇచ్చి నిలబడ్డాయి. ముసలి ఎద్దు ఒంట్లో మిగులు లేదు. కడుపుతో ఉన్న పిల్ల ఒంట్లోనూ లేదు, అంతా బిడ్డకు కావాలి. రక్తంలో తక్కువైతే పళ్ళకు ఆకలి ఎక్కువవుతుంది. అవి అడగడం, ఉమ్ము ఎముకల్లోంచి తోడుకురావడం. పళ్ళకు పట్టింది పట్టగా మిగతాది చొంగలో పోతోంది... మీరు చూసిన పొక్కు అదే." తలెత్తింది. "పదిహేనో రోజు నాకొక్క మాట చెప్పి ఉంటే ఈ పదిమందిలో ఒక్కరికీ మందు పూసేదాన్ని కాదు మాలకొండయ్య గారూ. ఒక్క మాట."

ఆ మధ్యాహ్నమే వెంగమ్మను ఒంగోలు ఆసుపత్రిలో చేర్చారు. నరం గుండా కాల్షియం ఎక్కించారు. గంట తర్వాత డాక్టరమ్మ ఒక కాగితం ముక్క దాని నాలుక మీద పెట్టి తీస్తే ముదురు నీలం తిరిగింది. పోసింది పోసినట్టే ఉమ్ములో వచ్చేస్తోందని అర్థం. పిల్ల చేతివేళ్ళు కొంగ ముక్కులా ముడుచుకుపోతున్నాయి. అల్లుడు క్వారీ నుంచి రాళ్ళపొడితోనే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మూత వేసెయ్యండి మేడం" అన్నాడు.

"సగం నిండిన పంటికి పట్టదు నాయనా."

"మరేంది దారి?"

"పళ్ళు తీసేస్తే ఆగాలి. ఆగాలి అంటున్నాను గాని ఆగుతుందో లేదో నాకు తెలియదు. ఉమ్ము తోడడం ఒకసారి మొదలయ్యాక పళ్ళు లేకపోయినా ఆగకపోతే, పళ్ళూ పోతాయి, ప్రాణమూ..." ఆమె నా వైపు తిరిగింది. "ఆ ఎద్దు బతికే ఉందా?"

మస్తానుకు ఫోను చేశాను. బతికే ఉందన్నాడు.

మార్కాపురం దాటి తిరుపాలు ఊరు చేరేసరికి మర్నాడు ఎండెక్కింది. డాక్టరమ్మ, ఒక పశువుల డాక్టరు, నేను. చావడి పక్కనే తిరుపాలు ఇల్లు. మైలోడు పందిట్లో పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. కింద గోనెలు పరిచారు. పొద్దునా సాయంత్రం నలుగురు పట్టి లేపుతున్నారట. చొంగ కారిన చోటల్లా తెల్లటి పొక్కు.

తిరుపాలు నన్ను చూసి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏం పెద్దాయనా, ఇంకో జత తెచ్చినావా?"

చుట్టూ నలుగురు చేరారు.

"ఇది అయిదేళ్ళది కాదు తిరుపాలూ. పన్నెండేళ్ళది. మందేసి పళ్ళు మొలిపించాం. జబ్బు చేసిందని తెలిసే అమ్మాను."

ఒక ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, "పలుపు మార్చినాక ఇట్ల చెప్పినోణ్ణి నా బతుకులో చూడలా" అన్నాడు. మెచ్చుకోలో, ఎగతాళో తెలియలేదు.

తిరుపాలు నా దగ్గరగా వచ్చాడు. "సంతలో ఎద్దు నోరు తెరిచి చూపించావు. నీ నోరు మాత్రం తెరవలా. ఇప్పుడు తెరిచినావంటే ఏదో అవసరం పడింది. ఏంది?"

"నా బిడ్డకు ఇదే మందు పూశారు. ఇదే రోగం. దీని పళ్ళు పీకితే రోగం ఆగుతుందో లేదో చూడాలి."

అతను చాలాసేపు నా ముఖం చూశాడు. ఆ చూపులో కొట్టాలన్నంత కోపం ఉంది. ఆ తర్వాత పందిట్లోకి వెళ్ళి, మైలోడు మెడనుంచి తన పలుపు తనే విప్పి నా చేతిలో పెట్టాడు. "తోలుకపో. నా గడ్డి తిన్నె. నా పిల్లోళ్ళు దీనికి నీళ్ళు మోసిరి. అది నువ్వు తీర్చలేవులే. ఇంకెప్పుడూ నా కంటబడమాక."

అక్కడే, ఆ పందిట్లోనే మత్తుమందిచ్చి ఎనిమిది పళ్ళూ తీశారు. దాని తల నా ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాను. తెల్లగా, నిగనిగలాడుతూ, ఒక్క మచ్చ లేని ఎనిమిది పళ్ళు డాక్టరమ్మ అరచేతిలో. నా జన్మలో అంత మంచి పళ్ళు చూడలేదు.

తర్వాత కాగితం ముక్కలు. మొదటిది ముదురు నీలం. గంటకు ఇంకొకటి, అదీ నీలమే. డాక్టరమ్మ చేతిలో ఫోను పట్టుకుని పందిరి గుంజకు ఆనుకుని నిలబడింది. అవతల ఆసుపత్రిలో వెంగమ్మకు మూర్ఛ వచ్చిందని శ్రీశైలం చెప్పాడు. మూడో గంట, కొంచెం లేత. నీడ పందిరి దాటి చావడి అరుగెక్కింది. అయిదో గంట, ఆకాశం రంగు. ఆరో గంటకు ముంచిన కాగితం ముంచినట్టే తెల్లగా వచ్చింది. మైలోడు తల తిప్పి, ముందున్న కుడితి తొట్టి వాసన చూశాడు.

డాక్టరమ్మ ఫోనులో రెండే మాటలు అంది. "ఆగింది. తియ్యండి."

పళ్ళు తీసేముందు వెంగమ్మ అద్దం అడిగిందట. ఆదెమ్మ తర్వాత చెప్పింది. అద్దంలో చూసుకుని ఒకసారి నవ్విందట, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. "అయిదు రోజులు తెల్లగా ఉన్నయ్ లేమ్మా" అందట. నేను వెళ్ళేసరికి నోట్లో దూది కుక్కి ఉంది. నా వంక చూసింది. ఎద్దు దగ్గరికి బయల్దేరేముందే డాక్టరమ్మ దానికి అంతా చెప్పేసింది. మూడో గడి నింపింది దాని చేతే కదా.

మాట్లాడగలిగే స్థితి లేదు గనక సైగ చేసి పలక తెప్పించుకుంది. రాసి నాకు చూపించింది: "ఎద్దు గోడ నాకినప్పుడే నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

పలక బోర్లించి కళ్ళు మూసుకుంది.

మిగతా తొమ్మిదిమందిలో ఇద్దరికి రక్తంలో కాల్షియం పడిపోతోందని తేలింది. ఒక రిటైరయిన హెడ్మాస్టరు, ఒక బాలింత. వాళ్ళ పళ్ళు కూడా తియ్యాల్సి వచ్చింది. ఏడుగురు బాగానే ఉన్నారు, పళ్ళు మెరుస్తున్నాయి. డాక్టరమ్మ వాళ్ళకు గడువుకు మూత వేసి, ప్రయోగం ఆపేసి, జరిగింది జరిగినట్టు పై వాళ్ళకు రాసిచ్చింది. విచారణకు నన్ను పిలిచారు. చెప్పాను. ఆమె తప్పు లేదని చెప్పాను. నా మాట మీద నమ్మకమే ఆమె తప్పని వాళ్ళు రాసుకున్నారు.

సంతకు వెళ్తూనే ఉన్నాను కొన్నాళ్ళు. నేను నిలబడిన చోట పశువును ఎవరూ అడగడం లేదు. మస్తాను కూడా దూరంగా నిలబడి తలూపేవాడు. నేను అమ్మింది ముసలి ఎద్దునని కాదు వాళ్ళ కోపం. పలుపు మారాక చెప్పానని.

మైలోడు ఇంటికొచ్చాడు. ముందుపళ్ళు లేని పశువు గడ్డి కొరుక్కోలేదు. చొప్ప సన్నగా నరికి, నానబెట్టి, చిట్టు కలిపి రోజూ రెండు పూటలా నేనే నోటికి అందించేవాణ్ని. పక్కనే అరుగు మీద కూతురు మెత్తటి అన్నం తినేది. ఆరు నెలలు ఇద్దరూ ఒక్క వేళకే తిన్నారు. నాతో వెంగమ్మ అవసరమైనంతే మాట్లాడేది. కట్టుడు పళ్ళు పెట్టించుకోమంటే, "నెలలు నిండనీ" అనేది. చెయ్యి మాత్రం నోటికి అడ్డం పెట్టుకోవడం మానేసింది. బోసి నోటితో బజారుకి పోయేది, కూరలవాడితో బేరమాడేది. చూసేవాళ్ళే తల తిప్పుకునేవాళ్ళు.

ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ. కాళ్ళు కొంచెం వంకరని డాక్టర్లు నెలలపాటు పట్టీలు వేశారు. తర్వాత సరిపోయాయి. పేరు సువార్త గారినే అడిగి పెట్టారు, తేజస్విని అని.

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం పొద్దున అరుగు మీద పిల్ల ఏదో కొరుకుతుంటే ఆదెమ్మ వేలు పెట్టి చూసి కేకేసింది. "పన్నొచ్చిందే!" అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ కూడా ఆ వేళకు ఇంట్లోనే ఉంది, పిల్లను చూడడానికి వచ్చి. అందరూ వంగి వంగి చూశారు. ముత్యమన్నారు, బియ్యపు గింజన్నారు.

నేను మైలోడి దగ్గర గంప పట్టుకుని నిలబడ్డాను. దగ్గరికి రాలేదు.

వెంగమ్మే పిల్లను చంకనెత్తుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వు చూడు నాన్నా. నోళ్ళు చూసినోడివి నువ్వేగా ఇంట్లో."

చేతులు కడుక్కుని వచ్చాను. బొటనవేలితో కింది పెదవి దించాను. చిగురు మధ్య ఒక్క పన్ను. ఎండలోకి కొంచెం తిప్పాను. కొసన, ఆవగింజలో సగం ఉంటుందేమో, సుద్దలాంటి తెల్లటి మచ్చ. చుట్టూ ఉన్న పన్ను నిగనిగలాడుతోంది, ఆ చోట మాత్రం మెరుపు లేదు. కడుపులో ఉన్నప్పటి పదమూడు రోజుల ఆకలి అక్కడ ఆగిపోయి ఉంది. నా వేలికి తెలిసింది. అంతమంది చూశారు, ఒక్కరూ పట్టలేదు. పెదవి వదిలేసి, బాగుందంటే అయిపోయేది. అందరూ నవ్వుతూ ఉన్నారు. ఆదివారం.

"ఒక పన్ను" అన్నాను. "కొసన మచ్చ ఉంది. అక్కడ పొర పలచన."

అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. ఆదెమ్మ, "ఏం మాటలయ్యా అవి" అనబోయింది. డాక్టరమ్మ లేచి వచ్చి, పిల్ల నోరు ఎండకు తిప్పి చూసి, నెమ్మదిగా తల ఊపింది.

వెంగమ్మ పిల్ల పెదవి మీది చొంగ కొంగుతో తుడిచింది.

"నాలుగు రోజులకింద నేనే చూశా" అంది. పళ్ళు లేని నోటితో నా ముఖంలోకి సూటిగా చూస్తూ. "నువ్వు చెప్తావో లేదోనని అడిగా."

పిల్లను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.